డ్రమ్ము నీళ్ళు

"నట్టు ఊడి వచ్చేటట్టు లేదు. కోసెయ్యరాదా అన్నా," అన్నాడు చెన్నయ్య.

"కోస్తే లోపల సంగతి తెలియదు. నువ్వు పక్కకు జరుగు," అని మెకానిక్ అబ్రహాము స్పానరుకు ఇనప గొట్టం తగిలించి, దాని మీద కాలు పెట్టి తొక్కాడు. నట్టు కిర్రుమని కదిలింది.

మాలకొండమ్మ షెడ్డు గోడ వారన పాత టైరు మీద కూర్చుని చూస్తోంది. కంభం నుంచి మార్కాపురం దాకా ట్రాలీ ఆటోలో ఆ ఇంజను పక్కనే కూర్చుని వచ్చింది. దారిలో "టీ తాగుదామా వదినా" అని చెన్నయ్య అడిగితే ఉలకలేదు, పలకలేదు. మొగుడు కాటమరాజు పోయినప్పటి నుంచీ ఆమె అంతే. ఏడవలేదు. పెట్టింది తింటుంది, కూర్చోమన్న చోట కూర్చుంటుంది.

ఇక్కడికి పంపింది అత్త సుబ్బరత్నమ్మ. "ఇంజను విప్పేటప్పుడు నువ్వు దగ్గరుండు. నీ కళ్ళతో చూసి రా. చిన్నోడు సముద్రం పడవ ఇంజను తెచ్చి పెద్దోడికి అంటగట్టినాడని తేలితే, వాడు నా గడప తొక్కేది లేదు. రేపు నేను చచ్చినా వాడు తలకొరివి పెట్టేది లేదు," అంది.

ఊరంతా అదే మాట. కాటమరాజు గొర్రెలమ్మి చేపల పడవ కొన్నాడు. దానికి ఇంజను తెచ్చింది తమ్ముడు చెన్నయ్య. చౌకగా వస్తుందని కోస్తాలో ఉప్పునీళ్ళు తాగిన ఇంజను తెచ్చాడనీ, అందుకే అది గాలివానలో చెరువు మధ్య ఆగిపోయిందనీ అన్నారు. ఇంజను ఆగాక గాలి పడవను రాళ్ళకేసి కొట్టింది, ఆ ఊపుకు కాటమరాజు నీళ్ళలో పడిపోయాడు. పడవ తుంగలో ఇరుక్కుని నిలబడే దొరికింది. మనిషి మర్నాడు తేలాడు.

"ఎక్కడ కొన్నావు దీన్ని?" అడిగాడు అబ్రహాము.

"తర్లుపాడులో అన్నా. ఒక రైతు బోరు ఎండిపోయి అమ్మేసినాడు. సముద్రం మొహం చూసిన ఇంజను కాదిది, మా అమ్మ మీద ఒట్టు."

"అట్లయితే ఆ రైతునే పిలిపించి చెప్పించు."

"వలస పోయినాడంట. ఏ ఊళ్ళో ఉన్నాడో ఎవరికీ తెలీదు."

"మరి ఈ నీలం రంగేంది? పొలం ఇంజనుకు ఎవరన్నా ఇట్ల వేస్తారా?"

"మా అన్నే వేయించినాడు. పడవకు తగ్గట్టు ఉండాలన్నాడు. పెళ్ళికొడుకును చేసినట్టు చేసినాడు దాన్ని." చెన్నయ్య నవ్వబోయి, వదిన వంక చూసి ఆగిపోయాడు.

నిజమే. ఆ ఒడ్డున ఇంజను పడవ అదొక్కటే. పొద్దున బయలుదేరుతుంటే గట్టు మీద జనం నిలబడి చూసేవాళ్ళు. "ఏం కాటమరాజూ, పేరుకు తగ్గట్టు రాజువైపోయినావే," అనేవాళ్ళు. ఆ చూపులు మాలకొండమ్మకు గిట్టేవి కావు. పడవ కదిలేదాకా మొగుడి పక్కనే ఉండేది. "చాల్లే, ఇంక దిగు," అని ఆయన నవ్వేవాడు.

ఇంజను పైమూతలా ఉండే హెడ్డు ఊడి పైకి లేచింది. అబ్రహాము టార్చి వేసి చూసి, "అబ్బో," అన్నాడు. సిలిండరు చుట్టూ నీళ్ళు తిరిగే దారి తుప్పు పెళ్ళలతో పూడిపోయి ఉంది. నీళ్ళ గొట్టాన్ని నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది.

"ఇదిగో, ఇక్కడ కారిపోయినాయి నీళ్ళు. చల్లబరిచే దిక్కు లేక పిస్టను పట్టేసింది. ఏం నీళ్ళు వాడినారు?"

"చెరువు నీళ్ళే. నేరుగా లాగితే నాచు ఇరుక్కుంటదని అన్న పడవలోనే డ్రమ్ము పెట్టినాడు. ఆ నీళ్ళే ఇంజన్లోకి పోయి మళ్ళా డ్రమ్ములోకి వస్తాయి. పొలాల్లో పెట్టుకోమా, అట్ల."

"ఎన్నాళ్ళకు మార్చేవాళ్ళు?"

"మార్చేదేంది? తగ్గినంత పోసేవాడు. నీళ్ళు పారబోసే ఇల్లు కాదన్నా మాది."

"చెరువు మీద తేలుతా కూడానా!"

"బిందె నీళ్ళకు కొట్లాడి పెరిగినోళ్ళం. మా వదినైతే మరీను. చెరువులో చెయ్యి కూడా కడగనీదు. నలుగురు తాగే నీళ్ళు, మనది ఏదీ అందులో కలపగూడదంటది."

అబ్రహాము గొట్టం అంచున పేరుకున్న తెల్లటి పొడిని గోటితో గీరి నాలుక కొసకు తాకించాడు. వెంటనే తుపుక్కున ఉమ్మాడు.

"మన నీళ్ళకు పట్టే తెలుపు చప్పగా ఉంటది తమ్ముడూ. ఇది ఉప్పు."

"ఉప్పా?"

"నువ్వే చూడు."

చెన్నయ్య కూడా నాలుకకు తాకించి చూశాడు. మసినూనె పట్టిన నేల మీదే కూలబడ్డాడు.

"నన్ను మోసం చేసినాడన్నా ఆ రైతు. సముద్రం ఇంజన్నే నాకు అంటగట్టినాడు. నేను తెచ్చి మా అన్న చేతిలో పెట్టినా."

"తెలిసి చేసినావా ఏంది? ఇంట్లో ఉన్నమాట చెప్పుకో," అని అబ్రహాము చేతులు తుడుచుకుని అవతలికి పోయాడు.

మాలకొండమ్మ తన కుడిచేతి వైపు చూసుకుంటోంది. గుప్పిలి దానంతటదే మూసుకుని ఉంది.

చెన్నయ్య లేచి ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. "చూసింది చూసినట్టు అమ్మకు చెప్పు వదినా. నా కోసం ఒక్క మాట కూడా దాచొద్దు. ఆటోలో నువ్వు పో. నేను ఇంక ఊళ్ళోకి రాను. ఇట్నే కొనకనమిట్ల బస్సెక్కి మేనత్త దగ్గరికి పోతా."

అతను రెండడుగులు వేశాడో లేదో, వెనక నుంచి చొక్కా అంచు ఎవరో పట్టుకున్నట్టయింది. తిరిగి చూశాడు. వదిన లేచి నిలబడి ఉంది. ఇన్నాళ్ళూ వాడని గొంతు బొంగురుగా వచ్చింది.

"రోజూ మీ అన్నకు దిష్టి తీసిన ఉప్పు ఆ డ్రమ్ములోనే వేసినా."