సుద్దముక్కతో తగ్గిన సువర్ణరేఖ

ప్లాంటు సేఫ్టీ ఆఫీసరు సోమేశ్వరరావు భద్రతా వారోత్సవాల పేరిట తన కాంట్రాక్టు పనివాళ్ళను సువర్ణరేఖ నది మీద రబ్బరు పడవల రాఫ్టింగుకు తీసుకొచ్చాడు. ఒడ్డున పలక మీద సుద్దతో 'గ్రేడు మూడు' అని రాసి ఉంది.

ఒకటంటే నెమ్మదైన నీళ్ళు, రెండంటే చిన్న అలలు; కొత్తవాళ్ళకు అంతవరకే. రాత్రి వానకు నది మూడుకెక్కింది. "ఆజ్ నహీ హోగా, సర్," అంటూ ఈరోజు కుదరదన్నాడు గైడు.

సోమేశ్వరరావు నవ్వాడు. ప్లాంటు గేటు దగ్గర 'ప్రమాదాలు లేవు' అన్న బోర్డు ఏళ్ళ తరబడి నిలవడం ఆయన చేతి చలవే. పలక మీద మూడు చెరిపేసి, రెండు వేశాడు.

"రాసేత్తే అదే తగ్గిపోద్ది. ఎక్కండ్రా! ఫొటోలు పైకి పంపాల."

గైడు తన యజమానికి ఫోన్ చేశాడు. బుకింగు పోగొట్టుకోవడం ఇష్టంలేని యజమాని సరేనన్నాడు.

మొదటి మలుపులోనే రాఫ్టు తిరగబడింది. లైఫ్‌జాకెట్ల పుణ్యమా అని అందరూ ఒడ్డున పడ్డారు. సోమేశ్వరరావు కుడిచెయ్యి మాత్రం మోచేతి కింద వేలాడుతోంది.

"ముసలయ్యా, ఆస్పత్రికి ఫోన్ కొట్టరా! చెయ్యిరిగిపోనాది!"

ఫిట్టరు ముసలయ్య తొందరపడలేదు. ఒడ్డునున్న మందులపెట్టె తెరిచి, మూడు వేళ్ళే మిగిలిన చేత్తో చిన్న బ్యాండెయిడు తీశాడు.

"కంగారేటి బాబూ? మిషన్లో నా ఏళ్ళు తెగిపడితే, గీరుకుపోయిందని తమరే రాసేరు గదా. దీన్నీ అలాగే రాసీండి. తగ్గిపోద్ది."