రెండోసారి మస్టర్

“మూడు నెలలు కూర్చుని ప్రోగ్రామ్‌లో రెండు లైన్లు కొట్టేశావు. దీన్ని ప్రాజెక్ట్ అంటారా?”

జయప్రకాశ్ సార్ ఫైలు మూసేశారు. కొత్తగూడెంలోని ఆ ఇంజనీరింగ్ కాలేజీలో 2006 బ్యాచ్ మొత్తానికీ ఆయనంటే హడల్. ఆయన కాదంటే ఏంజెల్‌కి ఏడాది పోతుంది. తోటివాళ్లంతా లావుపాటి పుస్తకాలు బైండ్ చేయించుకొచ్చారు. ఈ పిల్ల తెచ్చింది నాలుగు కాగితాలు. పక్కనున్న గ్రేస్ మేడమ్‌కి జాలేసింది.

ఏంజెల్ మాత్రం తగ్గలేదు. తను ఆ లైన్లు తీసింది లోకమంతా ఉచితంగా వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రింటర్‌ని నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రామ్‌లోంచి. ప్రింటర్‌ని వాడిన ప్రతిసారీ ఆ డ్రైవర్ కంప్యూటర్లోని ప్రింటర్ ఫైలు మీద అప్పటి టైము రాస్తోంది. ఆ పని సిస్టమ్ అంతకుముందే చేసేసి ఉంటుంది.

“మా నాయిన బొగ్గుబాయిల చేస్తడు సార్. గేటు కాడ మస్టర్ పడ్డంక లోపల మళ్ల ఎవరూ హాజరు వెయ్యరు. ఈ డ్రైవర్ వేస్తనే ఉంది.”

తీసేస్తే ప్రింటర్ ఆగిపోదా అన్నారు సార్. చర్చి ఆఫీసులో రెండు వందల పాటల కాగితాలు ప్రింట్ తీసి చూశాను, ఒక్కసారీ ఆగలేదంది.

“ప్రింటర్‌కి పంపేచోట ఒక లైను తీశావు. స్టేటస్ చదివేచోట ఇంకోటి ఉంటుందే?” మూసిన ఫైలు మీద చెయ్యి తియ్యకుండానే అడిగారాయన.

“రెండోది అదే సార్. రాసినాయన జర ఆలోచిస్తే అసలు రాయకపోతుండె.”

గ్రేస్ మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయారు. సార్ నవ్వలేదు. పెన్ను తీసి వందకి తొంభై ఎనిమిది వేశారు. ఆయన చేతిలోంచి ఎనభై దాటిన మార్కు ఆ కాలేజీలో ఎవరూ చూడలేదు.

వరండాలో ఏంజెల్ తండ్రి క్రీస్తుదాసు షిఫ్ట్ దిగిన బట్టలతోనే నిలబడి ఉన్నాడు. మార్కులు వినగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బిడ్డ లోపల అన్న మాట వినేసరికి మాత్రం గాభరాపడ్డాడు. సార్ బయటికి రాగానే చేతులు జోడించి, పిల్ల నోటికి అదుపు లేదని, ఆ రాసిన పెద్దమనిషికి తెలిస్తే బాధపడతాడని మొత్తుకున్నాడు.

“బాధెందుకు? పదేళ్లుగా లోకంలో ఎవరూ పట్టుకోలేదు. నా స్టూడెంట్ పట్టుకుంది.” సార్ గొంతులో గర్వం దాగలేదు.

“ఆయనకు మెయిల్ పెట్టి సారీ చెప్పాల్నా సార్?” అంది ఏంజెల్.

“అక్కర్లేదమ్మా. రాసింది నేనే.”