పెంటికల తగువు

ఎడారిలోని ద్రా లోయలో, భార్య పోయిన మోహా అనే రైతు మేక తాడు తెంపుకుని పక్కతోటలో పడింది. విధవరాలు తూదా పెంచుకున్న లూసర్న్ గడ్డి సగం మేసేసింది.

తూదా దాని కొమ్ములు పట్టుకుంది. "నా గడ్డి తింది. నా ఖర్జూరం మొదట్లో పెంటికలు వేసి కదలాలి. ఈ ఇసుకలో ఎరువు ఊరికే వస్తుందా?"

"మేక నాదైతే పెంటికలు నీవెట్లా అవుతాయి?" అన్నాడు మోహా.

"అయితే నా గడ్డి కక్కించు."

చివరికి మేకను రెండు తోటల నడిమి గట్టున కట్టేశారు. పెంటికలు ఎటు వేస్తే ఎరువు అటువాళ్లదని ఒప్పుకుని, ఇద్దరూ కాపలా కూర్చున్నారు. తూదా పుదీనా టీ కాచింది. మోహా ఖర్జూరాలు తెచ్చాడు. కబుర్లలో పొద్దు వాలింది.

"ఇంకా వెయ్యలేదు కదూ?" అన్నాడు మోహా, కాలి కింది పెంటికలను ఇసుకతో కప్పుతూ.

"ఎక్కడ? రేపు కూడా కూర్చోవాల్సిందే," అంది తూదా, తన వైపు కుప్ప మీద కొంగు పరుస్తూ.