కోతల తాత వ్యాను

ఆ రోజూ బడి వ్యాను ఆలస్యంగానే వచ్చింది.

కుట్టుమిషను ఆపి, మెడలో టేపుతోనే గుమ్మంలోకి దూకింది దర్జీ ఆవిడ.

"ఏమయ్యా, ఇవాళేం అడ్డం వచ్చింది?"

"మేఘం తల్లీ! రోడ్డుకి అడ్డంగా పడి నిద్రపోతోంది. హారన్ కొడితే ఒత్తిగిల్లింది కానీ లేవలేదు."

వ్యానులో పిల్లలు పకపకా నవ్వారు. ఆ డ్రైవరుకి కోతల తాత అని పేరు పెట్టింది వాళ్లే. తొమ్మిదో తరగతి చదివే ఆవిడ కొడుకు మాత్రం తల దించుకుని లోపలికి పోయాడు.

"తిన్నగా మార్కెట్ వీధిలోంచి వస్తే చిటికెలో వచ్చేదానికి, ఊరంతా చుట్టబెట్టడం దేనికి?"

"తిన్నటి దారి నా వ్యానుకి పడదు తల్లీ. తుమ్ములొస్తాయి."

"ఉండు, నీ కోతలకి నేను కత్తెర వేస్తాను."

తాత ఏదో చెప్పబోయాడు. కుర్రాడు వెళ్లిన గుమ్మం వైపు చూసి, నోరు మూసుకున్నాడు.

ఆవిడ అన్నంత పనీ చేసింది. నలుగురు తల్లులను వెంటేసుకుని హెడ్మాస్టరు గదికి వెళ్లింది. ఎందుకిలా తిప్పుతున్నావని ఆయన గద్దిస్తే, తాత మళ్లీ ఆ మేఘం కథే చెప్పాడు. బండి తాళాలు అక్కడికక్కడే లాక్కున్నారు.

కొత్త డ్రైవరు గడియారం ముల్లులాంటివాడు. మార్కెట్ వీధిలోంచే వస్తాడు. దారిలో పంచర్ల కొట్టు దగ్గర బండాపి తీరిగ్గా సిగరెట్టు కాలుస్తాడు. అయినా తాతకన్నా ముందే దిగబెడతాడు.

"ఇప్పుడెంత హాయిగా ఉందో చూశావా!" అంది కొడుకుతో.

"చేతిరుమాలు ఇంకోటి కుట్టివ్వవా అమ్మా," అన్నాడు.

మిగిలిన గుడ్డముక్కలతో కుట్టి ఇచ్చింది. వారం తిరక్కుండా మళ్లీ అడిగాడు. మళ్లీ ఇచ్చింది. మగపిల్లాడికి ఇంత శుభ్రమా అని ఇరుగమ్మకీ పొరుగమ్మకీ చెప్పుకుని మురిసిపోయింది.

అవన్నీ పరుపు కింద అట్టలు కట్టి దొరికేనాటికి, వాడి చేతిలో అన్నం ముద్ద నోటిదాకా చేరడం లేదు.

"పంచర్లకి పూసే జిగురమ్మా. రుమాల్లో పిండుకుని పీలుస్తారు," అన్నాడు ఆసుపత్రి డాక్టరు. "మెదడు బాగా దెబ్బతింది. మునుపటి పిల్లాడు తిరిగొస్తాడని ఆశ పెట్టుకోకండి."

ఆవిడ మంచం పట్టె పట్టుకుని కొడుకు మీదికి వంగింది.

"ఆ ముసలాడేనా? సందుగొందులన్నీ తిప్పి నీకిది అంటగట్టింది వాడేనా? చెప్పరా నాన్నా, వాడి అంతు చూస్తాను!"

వాడు మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"తాత కాదమ్మా... తాత మన వ్యానుకి రాకముందే అలవాటైంది... ఆ కొట్టు కనబడితే ఆగలేను, ఆ వీధిలోకి పోవద్దు తాతా, అమ్మకి చెప్పొద్దు తాతా అని కాళ్లు పట్టుకుంటే, ఏడాదంతా చుట్టూ తిప్పి తెచ్చి మానిపించాడు."