అడ్డం పెట్టిన చెయ్యి

మన దేశపు స్నేహ బృందంతో చీనా పోయొచ్చిన తాజ్ మొహమ్మద్, పీకింగు పట్నంలో తీసిన ఫొటోలన్నీ కడిగి సంగారెడ్డి ఇంట్లో చాప మీద పరిచాడు.

"ఈ పందొమ్మిది వందల యాభై ఆరు సాలుల మన జిల్లాకెల్లి నేనొక్కన్నే పోయిన. ఏది బాగున్నదో చెప్పు, రేపు మన ఫొటో స్టూడియో అద్దంల పెడత."

భార్య గౌసియా బేగం పాత కోటగోడల్నీ గుళ్లనీ పక్కకు జరిపింది. బజారు ఫొటోల దగ్గర ఆగింది. కూరలమ్మే ఆడవాళ్లు, సైకిలు తొక్కే ఆడవాళ్లు. ఒక్కరికీ ముసుగు లేదు.

"నాదొక్కటి తియ్యమంటే ఏమన్నరు మీరు?"

"మల్ల అదే లొల్లి! ఫొటో అన్నంక పది చేతులు మారతది. పరాయి మొగోళ్లు సూస్తరు. ఇంటి ఇజ్జత్ ఉండొద్దా?"

ఆమె ఇంకో ఫొటో తీసి కిటికీ వెలుతురులో పట్టుకుంది. గుడి మెట్ల మీద ఒక ముసలామె, కెమెరాకు అరచెయ్యి అడ్డం పెట్టి, మొహం పక్కకు తిప్పుకుంది.

తాజ్ మురిసిపోయాడు. "గదే అన్నిట్ల మంచిది. ఎంత సిగ్గో సూడు!"

గౌసియా ఆ ఫొటోను చాప మీద బోర్లించింది.

"సిగ్గు కాదు, వద్దంటున్నది. నేను తియ్యమంటే తియ్యకపోతిరి. ఈమె వద్దంటే తీస్తిరి."