సేటుగారి రేడియో స్టాండు

"పాత తలుపుది గాదు గద?"

"కాదు సేటూ."

"కూలిన ఇంటి దూలమా?"

"కాదు."

"పిడుగు పడ్డ చెట్టుదైతే మాత్రం నాకొద్దు. ముందే చెప్తున్న."

"అయ్యో, గాదు. లారీకి బస్తాలెక్కియ్యనీకి ఏస్తరు గద, గసొంటి టేకు పలక. మా ఆయన ఎన్నడో కొనుక్కొచ్చిండు. ఇంటెనక గోడకు ఆనిచ్చి ఉన్నది."

మంగవ్వ మాట్లాడుతూనే చాటలోని పసుపు కొమ్ములను ఏరుతోంది. రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తిదారు లక్ష్మీనర్సయ్య తన వాకిట్లో ఆమె ముందు నిలబడి గడ్డం గోక్కున్నాడు. హైదరాబాదు నుంచి రేడియో తెచ్చి నెల దాటింది. అత్తగారింటి గ్రామఫోన్ అంతకుముందే ఉంది. రెండూ వసారాలో పసుపు బస్తాల మీదే కూర్చున్నాయి. పచ్చటి దుమ్ము లోపలికి పోయి రేడియో గొంతు జీరబోతోంది. నిజామాబాదులో స్టాండు ధర అడిగి, మంచినీళ్ళు తాగి వెనక్కి వచ్చేశాడాయన. పెర్కిట్ వడ్రంగి కూడా బేరానికి దిగలేదు.

"ఆ పలక మీదికెల్లి పడి గిట్ల ముత్తెన్న..." అని ఆగాడు.

"కాదు సేటూ. బస్తాలు మీద కూలినయి గద. మీ కండ్ల ముంగటనే."

లక్ష్మీనర్సయ్య చూపు తిప్పుకున్నాడు.

నిరుడు ఇదే వాకిట్లో జరిగింది. మంగవ్వ భర్త, హమాలీ ముత్తెన్న మీద బస్తాల వరుస కూలింది. అప్పుడే పూజ చేసిన సేటు కొత్త బండి, ఎడ్లు కట్టి, పసుపు కుంకాలతో సిద్ధంగా ఉంది. దవాఖానకు తీసుకుపోదామని హమాలీలు ముత్తెన్నను ఎత్తుకుని అటు పరుగెత్తారు. లక్ష్మీనర్సయ్య రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు. "కొత్త బండి. మొదాలు గుడికి పోవాలె. నెత్తురు మనిషిని ఎక్కిస్తే అచ్చిరాదు!" అన్నాడు. పెర్కిట్ నుంచి వేరే బండి వచ్చేసరికి ముత్తెన్న మంగవ్వ ఒళ్ళో కళ్ళు తేలేశాడు. ఆ తర్వాత కూడా ఆమె ఆ వాకిట్లోనే పనికి వస్తోంది. సేటుతో మాత్రం ఇన్నాళ్ళూ ఒక్క మాట మాట్లాడలేదు.

"ఎంతకిస్తవు?"

"పలకకు ఏమొద్దు. స్టాండు చేసే దేవయ్యకు కూలి ఇచ్చుకోండ్రి."

"ఉత్తగనా?"

"మీ వాకిట్లనే బతకాలె గద సేటూ."

లక్ష్మీనర్సయ్య లోపలికి పోయి భార్యతో అన్న మాట వాకిట్లోకి వినబడింది. "చూసినవా కాంతా? ఇన్ని దినాలు మూతి ముడ్సుకున్నది, ఆఖరికి దారికొచ్చింది."

మంగవ్వ చాట చెరిగింది.

పక్కింటి వడ్రంగి దేవయ్య ఈ సంగతి విని ఉలిని కింద పడేశాడు. ముత్తెన్న పోయిననాడు ముందు నిలబడి అన్నీ చూసుకున్నది అతడే.

"నీకు సిగ్గున్నదా అక్కా? గా మనిషికి స్టాండు ఇస్తవా? సరే, ఓ పని చేస్త. ఒక కాలు సందు వదులు పెడుత. నాలుగు దినాలు ఊగి, రేడియో కింద పడి పచ్చడైతది."

"వద్దు. గట్టిగ చెయ్యి. ఇసుమంత ఊగొద్దు. ఆయన మనుమలు, మునిమనుమలు వాడుకోవాలె."

"మాఫ్ చేసినవా ఏంది?"

మంగవ్వ ఇంటి వెనక్కి దారి తీసింది. గోడకు ఆనించిన నిలువెత్తు పలకను చూపించింది. ఏడాదిగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

దేవయ్య ఆగిపోయాడు.

"గిదా అక్కా?"

"గదే."

"నా దగ్గర వేరే చెక్క ఉన్నది. నేనిస్త."

"గదే కొయ్యి."

దేవయ్య ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత రంపం తీశాడు. పలక నడుమ వెడల్పాటి నీళ్ళ మరక ఉంది. చిత్రిక పట్టబోతే మంగవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"గది తియ్యకు. పైన రంగెయ్యి, చాలు."

మూడరల స్టాండు శుక్రవారం పొద్దున, పూజారి అయ్యగారు చెప్పిన గడియకు సేటు ఇంటికి చేరింది. దేవయ్య ఒక పక్క, మంగవ్వ ఒక పక్క పట్టుకుని తెచ్చారు. గేటు దగ్గర లక్ష్మీనర్సయ్య ఎదురొచ్చాడు.

"మంగవ్వా, నువ్వు బయట్నే ఆగు. మంచి గడియల లోపటికి పోతున్నది. నువ్వు... తెలుసు గద."

"ఏమనుకోకే. శుభమైన పని." అంది కాంతమ్మ.

"ఫికర్ లేదమ్మా. ఈడ్నే ఉంట."

గేటు చువ్వల మధ్య నుంచి అంతా కనబడుతోంది. కింది అరలో గ్రామఫోన్, నడిమి అరలో రేడియో పెట్టారు. లక్ష్మీనర్సయ్య స్టాండును పట్టి ఊపాడు. కదల్లేదు.

"గింత మంచి చెక్క! పై అర ఉత్తగెందుకు?" అని మసిబట్టిన గూట్లోంచి దేవుని పటాలు తెప్పించాడు.

మంగవ్వ అంత దూరం అనుకోలేదు. 'మీ మీద కోపం లేదు తండ్రీ' అని పటాల వైపు చేతులు జోడించింది.

కాంతమ్మ స్టాండు కాళ్ళకు పసుపు పూసింది, అర అరకూ కుంకుమ బొట్లు పెట్టింది, దీపం వెలిగించింది. ఇంటిల్లిపాదీ వంగి చెక్కను తాకి కళ్ళకద్దుకున్నారు. రేడియోలో భజన మొదలైంది. గొంతు ఖంగుమంది.

"మస్తున్నది మంగవ్వా! నూరేండ్లుంటది!" లోపలి నుంచి సేటు కేకేశాడు.

"ఉండాలె సేటూ. నూరేండ్లుండాలె."

కాంతమ్మ వచ్చి, తగలకుండా పై నుంచి ఆమె కొంగులో కొబ్బరి ముక్క వేసింది. సందు మలుపు తిరిగాక మంగవ్వ దాన్ని మేకకు పెట్టింది. దేవయ్య ఆగాడు.

"కడుపు సల్లబడ్డదా అక్కా?"

మంగవ్వ వెనక్కి తిరిగి ఆ ఇంటి వైపు చూసింది. ఏడాది తర్వాత మొదటిసారి నవ్వింది.

ముత్తెన్న శవానికి స్నానం పోసింది ఆ పలక మీదే.