గడి తప్పిన కన్ను

కెమెరా ఎటు చూస్తోందో తెరమీద చూపించే పచ్చ గడి పగిలిన సీసాను వదిలేసి, అట్టపెట్టెలు మోసుకెళ్తున్న ఒకావిడ ముఖంమీద వాలింది. ఆవిడ గుమ్మం దాటేదాకా దిగలేదు. బెల్టు చుట్టూ ఉన్నవాళ్ళంతా నోళ్ళు నొక్కుకుని నవ్వారు. నవ్వనిది డేగకన్ను ఒక్కడే. ఆవిడ ఆయన భార్య మరి.

ఆ గాజు ఫ్యాక్టరీలో బెల్టుమీద పరుగెత్తే సీసాల్లో బీటలు కనిపెట్టడం ఇరవై రెండేళ్ళుగా ఆయన పని. తలెత్తకుండా చూస్తాడని ఆ పేరొచ్చింది. తన వంక ఒక్కనాడైనా చూసిన పాపాన పోలేదని ఇంట్లో భార్య అదే పేరుతో దెప్పేది. వారం కిందట ఆ పని ఒక కెమెరాకు అప్పగించి, ఆయన్ని దానికి కాపలా కూర్చోబెట్టారు. ప్రాణమున్న కంటిలాగే అది కదిలేదాన్ని పట్టుకుని, రెప్పపాటైనా వదలకుండా వెంబడిస్తుందట. ప్యాకింగులో పదిమంది ఆడవాళ్ళు తిరుగుతుంటే, వెంబడించడానికి దానికి తన పెళ్ళామే దొరికిందా?

ఆయన విసవిసా మేనేజరు గదిలోకి వెళ్ళాడు. బీటలు వెతకమంటే అది బీటు వేస్తోందన్నాడు. దానికి కన్నిచ్చారా, కన్ను కొట్టడం నేర్పారా అని నిలదీశాడు. దాన్ని పీకేయకపోతే రేపట్నుంచి మొగుడూ పెళ్ళాం ఇద్దరమూ పనిలోకి రామని తేల్చేశాడు. మేనేజరు కెమెరా తయారుచేసిన ఇంజనీరమ్మాయిని పిలిపించాడు.

"ఏ జంతువు కన్ను తెచ్చి పెట్టావమ్మా దానికి? కప్పదా, ఈగదా? ఏదైతేనేం, సిగ్గులేని జంతువు," అన్నాడు డేగకన్ను.

జంతువుది కాదని ఆ అమ్మాయి నసిగింది. సీసాలు బాగా చూసే ఒక మనిషి కనుపాప ఎప్పుడెటు దూకుతుందో నెలరోజులు రికార్డు చేసి, కెమెరాకు అదే నేర్పారట. తెలిస్తే చూపు మారిపోతుందని ఆ మనిషికి చెప్పలేదట. ఈ ఒక్క అలవాటు మాత్రం ఎంత చెరిపినా పోవడం లేదట.

"మనిషేనన్నమాట. ఇంకొకడి భార్యను అలా దొంగచూపులు చూసేవాడెవడో చెప్పు. ముందు వాడి సంగతి తేలుస్తా."

అలజడి విని ఆయన భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అమ్మాయి ఆవిడనూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

"ఆ చూపులు మీవే, బాబాయ్."